సైకిలాగదు

మా పెద్దమ్మాయి బెల్జియంలో గెంట్ అనే ఊళ్లో చదువుకుంటోంది. అక్కడివాళ్లు ఆ పేరుని గొంతు గీరుకుంటూ 'ఖెంట్' అంటారట. పోయిన నవంబరులో ఒకరోజు, మనకి తెల్లవారుజాము నాలుగు కావస్తుండగా, వాట్సాప్‌లో వీడియో పంపింది. పెద్ద హాలు. మధ్యలో జనం గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల చుట్టూ చెక్కలతో కట్టిన బాట, మలుపుల దగ్గర గోడలా లేచి ఉంది. దాని మీద సైకిళ్లు గిర్రున తిరుగుతున్నాయి. కింద రాసింది: "నాన్నా, నువ్వు చెప్పే సైకిలాయన ఆట ఇక్కడ ఆరు రోజులు ఆడతారు. టికెట్టు కూడా ఉంది."

వీడియోలో ఒకచోట, పైనుంచి మెల్లగా తిరుగుతున్న ఒకడు కిందికి దిగాడు. వెనకనుంచి దూసుకొచ్చిన వాడు అతని చెయ్యి పట్టుకుని ముందుకి విసిరాడు. విసిరినవాడు నెమ్మదించి పైకి వెళ్లిపోయాడు, ఇందాక ఖాళీగా తిరిగినవాడు బాణంలా వెళ్లిపోయాడు. ఆ ముక్క మళ్లీ మళ్లీ చూశాను. మా ఆవిడ లేచి, "ఈ టైములో సైకిళ్లేటి? పగలంతా సరిపోలేదా?" అంది.

సరిపోలేదు. ఆ చెయ్యి పట్టుకోవడం నేను ముందే చూశాను. దాదాపు నలభై ఏళ్ల కిందట, పర్లాకిమిడిలో, రాత్రి రెండు గంటలప్పుడు.

మాది పర్లాకిమిడే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఒడిశాలోకి వచ్చేసింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం అటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. అందుకని మా వీధిలో బేరాలు ఒడియాలో, తిట్లు తెలుగులో. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి నోటికొచ్చిన మాటల్లో రాసినా ఎవరూ ఏమనరని నా ధైర్యం.

నాన్నది అద్దె సైకిళ్ల షాపు. ఇప్పుడు నాదీ అదే షాపు. కాకపోతే అద్దెలు పోయాయి, గేర్ల సైకిళ్లు, పిల్లల సైకిళ్లు అమ్ముకుంటూ పంక్చర్లు వేసుకుంటున్నాను. అప్పట్లో పద్నాలుగు సైకిళ్లుండేవి. వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబర్లు. సాయంత్రం ఏ నంబరు రాలేదో చూసి, ఏ గుంటడు ఎక్కడ పడి ఉంటాడో నాన్న లెక్క కట్టేవాడు.

1987లో, సంక్రాంతి వెళ్లాక, కోతలైపోయి జనం చేతిలో నాలుగు డబ్బులున్న రోజుల్లో, షాపుకి ఇద్దరు వచ్చారు. గంజాం వైపు వాళ్లు. అన్నకి ముప్పై ఉంటాయేమో, తమ్ముడు ఐదారేళ్లు చిన్న. ఇద్దరూ ఒకే అచ్చు: నల్లగా, సన్నగా, పిక్కలు మాత్రం తాళ్లు పేనినట్టు. ఊరి చివర ఖాళీ స్థలంలో ఏడు రోజులు సైకిల్ తొక్కుతామని, వాళ్ల సైకిలు రిమ్ము పోయిందని, అద్దెకి ఒకటి కావాలని అడిగారు. నాన్న కాసేపు వాళ్ల కాళ్లవంకే చూసి, "తొమ్మిదో నంబరు పట్టుకెళ్లు బావూ. పాతదే గాని మొరాయించదు" అన్నాడు.

మా తరం వాళ్లకి ఈ ఆట వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో వెదురు గడ, దానికి ట్యూబులైట్లు, గొట్టం మైకు, చుట్టూ తాడు. తాడు లోపల ఒక మనిషి సైకిలు మీద తిరుగుతూనే ఉంటాడు. దాని మీదే పళ్లు తోముకుంటాడు, దాని మీదే ఉప్మా తింటాడు, ఆడవాళ్లు బిందెతో నీళ్లు అందిస్తే దాని మీదే తలకి పోసుకుంటాడు. నేల మీద రూపాయి నోటు పెడితే వంగి పళ్లతో తీస్తాడు. సాయంత్రాలు చేతులొదిలి, సీటు మీద నిలబడి, చంటిపిల్లల్ని భుజం మీద ఎక్కించుకుని తిప్పుతాడు. మిగతా సంగతులకి ఒక మూల నాలుగు చాపలు కట్టి ఉంచుతారు, అక్కడ ఏం ఏర్పాటుందో మేం పిల్లలం ఊహించుకుని నవ్వుకునేవాళ్లం. మైకాయన గొంతు పాతపట్నం దాకా వినపడేదంటారు: "ఏడు పగళ్లు! ఏడు రాత్రులు! సైకిలాగదు! ఆగితే మీ చెప్పు, మా చెంప!"

ఈ మైకు మాట గుర్తుంచుకోండి. దీనితో పని ఉంది.

అమ్మాయి వీడియో పంపాక, షాపు మూసి ఇంటికొచ్చి రోజూ ఒక గంట ఈ ఆరు రోజుల పోటీ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. మొదట నన్ను వేధించిన ప్రశ్న ఒకటే: మావాడు ఏడు రోజులు తొక్కితే వాళ్లు ఆరు రోజులే ఎందుకు తొక్కుతారు? జవాబు చాలా చిన్నది. ఆదివారం. ఇంగ్లండులో ఆదివారం పూట ఆటలూ పందేలూ కూడదు, చర్చికి వెళ్లాలి. కాబట్టి సోమవారం పొద్దున మొదలెట్టి శనివారం రాత్రితో ముగించాలి. ముందు ఇలాగే ఆరు రోజులు నడిచే పందేలుండేవి, తరవాత సైకిలొచ్చింది. మన మైకాయనకి ఆదివారం అడ్డు లేదు, పైగా ఆదివారమే కలెక్షన్ ఎక్కువ.

1878 ఫిబ్రవరిలో లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో, అగ్రికల్చరల్ హాల్ అనే పెద్ద షెడ్డులో, డేవిడ్ స్టాంటన్ అనే ఆయన ఒక్కడే పందెం కట్టి తొక్కాడు. రోజుకి 18 గంటల చొప్పున ఆరు రోజుల్లో 1,000 మైళ్లు, అంటే 1,600 కిలోమీటర్లు తొక్కుతానని 100 పౌన్ల పందెం. 73 గంటల సవారీలోనే పూర్తి చేశాడు. అప్పటి సైకిలంటే ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనకది పీట చక్రమంత. చైను లేదు, పెడళ్లు ముందు చక్రానికే. దాని మీద నుంచి పడితే తలే ముందు పడుతుంది. అదే ఏడు నవంబరులో అదే హాలులో చాలామందిని కలిపి పోటీ పెడితే, షెఫీల్డ్ నుంచి వచ్చిన బిల్ కాన్ 1,060 మైళ్లు తొక్కి గెలిచాడు.

ఇంగ్లండులో అది కొంత చప్పబడ్డాక అమెరికా అందుకుంది. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే హాలులో 1891 నుంచి. అక్కడ మొదలైంది అసలు ఘోరం. ఆరు రోజులూ ఒక్కడే తొక్కాలి. ఎంతసేపు పడుకున్నావన్నది నీ ఇష్టం, కానీ పడుకున్నంతసేపూ పక్కవాడు చుట్లు పెంచుకుంటాడు. అందుకని ఎవడూ పడుకోడు. 1896లో టెడ్డీ హేల్ అనే ఆయన 1,910 మైళ్లు తొక్కి గెలిచాడు. మరుసటేడు చార్లీ మిల్లర్ 2,093 మైళ్లు, అంటే 3,300 కిలోమీటర్ల పైచిలుకు. జనం టికెట్టు కొని వచ్చేది వీళ్ల వేగం చూడ్డానికి కాదు. ఎప్పుడు పడతారో, ఎప్పుడు మతి తప్పుతారో చూడ్డానికి. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు, అప్పటి పత్రికలే ఇది ఆట కాదు, హింస అని తిట్టిపోశాయి.

1896 పోటీలో 18 ఏళ్ల నల్లజాతి కుర్రాడొకడు తొక్కాడు. పేరు మేజర్ టేలర్. అతను నిజానికి చిన్న దూరాల పరుగులో వేగగాడు. 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కానీ ఆ ఆరు రోజులు అతని పని కాదు. 1,732 మైళ్లు తొక్కి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. చివరి రోజుల్లో, ఇక తొక్కలేనని, ఎవడో కత్తి పట్టుకుని ట్రాకంతా తన వెంట పడుతున్నాడని అన్నాడట.

ఇది చదివి ఫోను పక్కన పెట్టేశాను. ఆ రాత్రి ఇక చదవలేదు. నాకు కత్తి కాదు, ఆవు గుర్తొచ్చింది.

మూడో రాత్రి సంగతి ముందు చెప్పాలి.

నాన్న రోజూ రెండో ఆట సినిమా వదిలే వేళకి నూనె డబ్బా పట్టుకుని గ్రౌండుకి వెళ్లేవాడు. సైకిలు ఆపకూడదు కదా, అందుకని పక్కనే పరిగెడుతూ చైను మీద చుక్కలు వేసేవాడు. లావుపాటి మనిషి, పంచె ఎగ్గట్టి అలా పరిగెడుతుంటే జనం ఈలలు వేసేవాళ్లు. మూడో రోజు ఏదో పని తగిలి ఆలస్యమైంది. వెళ్లేసరికి రెండయింది. లాంతరు పట్టుకోవడానికి నేను. అప్పటికి నాకు పన్నెండేళ్లు.

మంచు. గ్రౌండులో ఎవరూ లేరు, మైకు కట్టేశారు, ఒక్క లైటే వెలుగుతోంది. ఎర్ర బనీను, తలకి గళ్ల రుమాలు, సైకిలు తిరుగుతోంది. నాన్న చాపల మూలకి వెళ్లాడు, వెనక నేను. అక్కడ బకెట్టులో వేణ్నీళ్లు, అందులో కాళ్లు పెట్టుకుని, ఎర్ర బనీను, తలకి గళ్ల రుమాలు, అన్న కూర్చుని ఉన్నాడు.

నేను గ్రౌండువంక చూశాను. మళ్లీ బకెట్టు వంక చూశాను.

నాన్న ఏమీ అనలేదు. వాళ్లూ ఏమీ అనలేదు. అన్న కాళ్లు తుడుచుకుని లేచాడు. సైకిలు ఆ మూలకి రాగానే పక్కనే పరుగందుకున్నాడు. "ధొరొ, ధొరొ" అన్నాడు తమ్ముడు. పట్టుకో, పట్టుకో అని ఒడియాలో. అన్న ఒక చేత్తో హ్యాండిలు పట్టుకున్నాడు, రెండో చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. తమ్ముడు వెనక కారియర్ మీదుగా జారాడు, ఆ లాగుడుకే అన్న సీటు మీదికి ఎగిరాడు. తమ్ముడు కింద రెండు పల్టీలు కొట్టి చాపల వెనక పడ్డాడు. చక్రం తిరుగుతూనే ఉంది. నేను ఇప్పటిదాకా అంత అందమైన పని మళ్లీ చూడలేదు, అమ్మాయి వీడియో వచ్చేదాకా.

కానీ పన్నెండేళ్లవాడికి అందం ఎక్కడ కనపడుతుంది? మోసం కనపడింది.

దారిలో నాన్న అన్నాడు: "ఎవులికీ సెప్పకు. ఇనపడ్డాదా?"

వినపడింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా చెప్పేశాను. మా క్లాసువాడు ఒకడు, ఆ సైకిలాయన మామూలు మనిషి కాదు, ఏదో మందు తాగుతాడు, అందుకే నిద్ర రాదు అని గొప్పగా చెబుతుంటే ఉండబట్టలేక. ఎనిమిది గోళీలు పందెం. గెలిచాను.

సాయంత్రానికి వీధికి తెలిసింది, ఐదో రోజుకి ఊరికి తెలిసింది. ఆట పెట్టించిన కుర్రాళ్లకి కోపం వచ్చింది. నిజానికి వాళ్లకి ముందే తెలిసి ఉండాలి, ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఊరంతా అడుగుతుంటే తెలియనట్టే ఎగరాలి కదా. చాపలు పీకేశారు. తమ్ముణ్ని తాడు బయట కూర్చోబెట్టి కాపలా పెట్టారు. "ఇంక రెండు రోజులుంది. మగాడివైతే తొక్కు" అన్నారు.

అన్న తొక్కాడు.

ఇక్కడ న్యూయార్క్ సంగతి చెప్పకపోతే కథ నడవదు. అక్కడ ఆ హింస చూసి, 1898లో ఆ రాష్ట్రం చట్టం చేసింది: ఇలాంటి పోటీలో ఒక మనిషి రోజుకి 12 గంటలకి మించి తొక్కకూడదు. పోటీలు పెట్టేవాళ్లకి మొదట గుండె ఆగినంత పనైంది. రాత్రంతా హాలు ఖాళీగా ఉంటే వ్యాపారం ఏముంది? అప్పుడు ఎవడి బుర్రకో తట్టింది. మనిషి 12 గంటలే తొక్కాలి, సరే. మరి ఇద్దరుంటే? ఒకడు తొక్కుతుంటే ఒకడు పడుకుంటాడు, జట్టు మాత్రం 24 గంటలూ ట్రాకు మీదే ఉంటుంది. 1899లో ఇద్దరేసి జట్లతో పెట్టారు. అదే మిల్లర్, ఫ్రాంక్ వాలర్ అనే ఆయనతో కలిసి 2,733 మైళ్లు తొక్కి గెలిచాడు. అంటే సుమారు 4,400 కిలోమీటర్లు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి కన్నా ఎక్కువ.

హింస తగ్గించాలని చట్టం చేస్తే దూరం 600 మైళ్లు పెరిగింది. ఆటా బాగుపడింది. విశ్రాంతి తీసుకున్నవాడు వేగంగా తొక్కుతాడు కదా, ఎప్పుడు ఎవడు చుట్టు పెంచుకుని ముందుకి పోతాడో తెలియక జనం కుర్చీల అంచుల మీద కూర్చునేవాళ్లు. 1914లో అదే హాలులో ఆల్ఫ్ గులే, ఆల్ఫ్రెడ్ గ్రెండా అనే ఇద్దరు ఆస్ట్రేలియావాళ్లు 2,759 మైళ్లు తొక్కారు. ఇలా ఇద్దరు మార్చుకుంటూ తొక్కే పోటీకి ఆ హాలు పేరు మీద 'మాడిసన్' అనే పేరు నిలిచిపోయింది. ఫ్రెంచివాళ్లు మాత్రం 'అమెరికన్' అంటారు. ఒలింపిక్స్‌లో కూడా 2000 నుంచి 2008 దాకా ఉంది, మధ్యలో తీసేసి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకీ కలిపి మళ్లీ పెట్టారు.

అంటే మా ఊళ్లో చాపల వెనక దొంగతనంగా చేసిన పనికి, అక్కడ రూలు పుస్తకంలో పేరుంది, ఒలింపిక్స్‌లో బంగారు పతకం ఉంది. ఇది తెలిసిన రోజు నాకు నవ్వొచ్చిందో ఇంకేం వచ్చిందో చెప్పలేను.

గెంట్ పోటీ ఈ గొడవలన్నీ సర్దుకున్నాక మొదలైంది. ఊళ్లో సిటడెల్ పార్కు అని ఉంది, అందులో 1913 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన పెద్ద హాళ్లు. 1922లో అక్కడ మొదటి ఆరు రోజుల పోటీ పెట్టారు. బెల్జియంవాడు మార్సెల్ బ్యూయిస్, స్విట్జర్లాండ్‌వాడు ఆస్కర్ ఎగ్ కలిసి గెలిచారు. ఆ ట్రాకుని 'కౌప్కె' అంటారు, చిన్న తొట్టి అని అర్థం. చూస్తే నిజంగా తొట్టిలాగే ఉంటుంది. చుట్టు కొలత 166 మీటర్ల చిల్లర. ఆరు చుట్లు తిరిగితే కిలోమీటరు. మామూలుగా ప్రపంచ పోటీలు జరిగే ట్రాకు 250 మీటర్లుంటుంది, దాని పక్కన ఇది బొమ్మ. అంత ఇరుకులో పన్నెండు జట్లు తిరుగుతుంటే చేతులు కలపడానికి చోటు వెతుక్కోవడమే ఒక విద్య.

1962 నవంబరులో ఆ హాలు కాలిపోయింది. మళ్లీ కట్టి 1965లో తెరిస్తే, ఆ ఏడు గెలిచింది ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు, ఎడీ మెర్క్స్, పాట్రిక్ సెర్కు. మెర్క్స్ పేరు సైకిళ్ల గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా విని ఉంటారు, ఫ్రాన్స్ చుట్టూ రోడ్ల మీద తొక్కే టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద పోటీ ఐదుసార్లు గెలిచినవాడు. కానీ ఈ చెక్క తొట్టిలో రాజు మెర్క్స్ కాదు, సెర్కు. ఊరూరా తిరిగి మొత్తం 88 ఆరు రోజుల పోటీలు గెలిచాడు, అందులో 11 గెంట్‌లోనే. రిటైరయ్యాక ఆ పోటీని నడిపించిందీ ఆయనే. ఇంగ్లండు సైకిలాటగాడు బ్రాడ్లీ విగ్గిన్స్ ఆ ఊళ్లోనే పుట్టాడు. వాళ్ల నాన్న ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇలాంటి పోటీలు తొక్కి బతికిన మనిషి. 2012లో టూర్ గెలిచిన విగ్గిన్స్, 2016లో తన ఆఖరి పోటీ కావాలని గెంట్‌లో పెట్టుకుని, మార్క్ కావెండిష్‌తో కలిసి గెలిచి వెళ్లిపోయాడు.

అన్నీ సంబరాలే అనుకోకండి. 2006లో అక్కడే, ఇసాక్ గాల్వెజ్ అనే స్పెయిన్ ఆటగాడు ఇంకొకరిని తగిలి రెయిలింగుకి గుద్దుకుని చనిపోయాడు. అదే ఏడాది మాడిసన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. ఆ ఏటికి పోటీ అక్కడితో ఆపేశారు.

సైకిలు షాపువాణ్ని కాబట్టి ఒక మాట. ఆ సైకిళ్లకి బ్రేకులుండవు, ఫ్రీవీలు ఉండదు. మన సైకిలు పెడలు ఆపితే కటకటమంటూ చక్రం తనంతట తాను తిరుగుతుంది కదా, అక్కడ అలా కుదరదు. చక్రం తిరిగినంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. తొక్కడం మానితే సైకిలే నిన్ను ఎత్తి పడేస్తుంది. విశ్రాంతి తీసుకునే రెండోవాడు కూడా పైన మెల్లగా తిరుగుతూనే ఉంటాడు, చెయ్యి అందుకోగానే వేగం తోడవ్వాలి కాబట్టి. ఒలింపిక్స్ మాడిసన్‌లో అయితే పది చుట్లకొకసారి గీత దగ్గర పరుగు, ముందు వచ్చిన నాలుగు జట్లకి ఐదు, మూడు, రెండు, ఒకటి పాయింట్లు. అందరికన్నా ఒక చుట్టు పూర్తిగా పెంచుకుంటే ఇరవై.

ఇప్పుడు 24 గంటలూ తొక్కడం లేదు. సాయంత్రం మొదలెట్టి అర్ధరాత్రి దాటాక ఆపేస్తారు. మంగళవారం నుంచి ఆదివారం దాకా. అవును, ఆదివారం! ఎవరి భయంతో ఆరు రోజులు పెట్టారో ఆ ఆదివారమే ఇప్పుడు ఫైనలు. నా లెక్కలో ఇది ఆరు రోజుల పోటీ కాదు, ఆరు సాయంత్రాల పోటీ. అమ్మాయితో అంటే కోప్పడింది. "గంటకి యాభై కిలోమీటర్ల వేగం నాన్నా. నువ్వొచ్చి చూడు, ఊరికే షాపులో కూర్చుని చెప్పకు" అంది. నిజమే. మధ్యలో డీజే పాటలు, బీరు, సాసేజీలు, ఆటగాళ్లకి ట్రాకు పక్కనే బాత్రూమంత క్యాబిన్లు, అందులోనే మసాజు, అందులోనే తిండి. జనం వాళ్లని చెయ్యెత్తు దూరంలో చూడొచ్చు. ఆ ఒక్క సంగతి మాత్రం మా గ్రౌండులాగే ఉంది. మాకు బీరు బదులు గోళీ సోడా, వేయించిన బఠాణీలు.

ఇక ఆవు.

ఆరో రాత్రి. చాపలు లేవు, చీకటి లేదు, అన్ని లైట్లూ వేశారు, చుట్టూ కాపలా. కాశీనగర్ నుంచి కూడా జనం వచ్చారు, ఈ మాట విని. ముందు ఐదు రోజుల్లో లేనంత జనం ఆ ఒక్క రాత్రి. సైకిలు అడుగులో అడుగేసినట్టు తిరుగుతోంది. అన్న మెడ వాలిపోతోంది, లేస్తోంది. తమ్ముడు తాడు బయట కూర్చుని, అన్న ఎదురుగా వచ్చినప్పుడల్లా పేరు పెట్టి అరుస్తున్నాడు, నిద్రపోకుండా. ఒంటిగంట దాటాక అన్న ఉన్నట్టుండి బెల్లు కొట్టడం మొదలెట్టాడు. టింగుటింగుమని ఆపకుండా. "గాయి! గాయి!" అని అరుస్తూ హ్యాండిలు పక్కకి కోశాడు. గాయి అంటే ఒడియాలో ఆవు. అక్కడ ఆవు లేదు. ప్రతి చుట్టులోనూ అదే చోటికి వచ్చేసరికి బెల్లు, గాయి, పక్కకి కోత. జనం విరగబడి నవ్వారు. తరవాత చుట్టులో అతను ఆ చోటికి రాకముందే పిల్లలందరం 'అంబా' అని అరిచాం. నేనూ అరిచాను.

ఏడో రోజు పొద్దున, చిన్న రైలు కూత వేశాక, ఇంకా పది గంటలు ఉందనగా, ఆవు చోటనే పడ్డాడు. పెద్దగా దెబ్బలేం తగల్లేదు. పడ్డ చోటనే నిద్రపోయాడు. లేపుతుంటే లేవలేదు. తమ్ముడు తాడు దాటి పరిగెత్తుకొచ్చి ముందు అన్నని చూడలేదు. తొమ్మిదో నంబరు సైకిల్ని లేపి, ఎక్కి, తొక్కడం మొదలెట్టాడు. ఏడుస్తూ తొక్కాడు. ఎవరో తోసేశారు.

కుర్రాళ్లు డబ్బులు ఇచ్చేది లేదన్నారు. సైకిలాగింది కాబట్టి మాట తప్పినట్టేనట. నాన్న నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మా నాన్న మనుషుల మధ్య గట్టిగా మాట్లాడ్డం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మైకులో ఏటన్నారు మీరు? సైకిలాగదన్నారు. ఒక్కడే తొక్కుతాడన్నారేటి? ఆరు రోజులు ఆగిందేటి? మీరు ఆపీసినారు గావాల."

ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. చివరికి కలెక్షన్‌లో ఎంతో కొంత ఇచ్చారు, ఎంతో నాకు తెలియదు. నాన్న రిక్షా పిలిచి ఇద్దర్నీ ఎక్కించి బస్టాండుకి పంపాడు. అన్న రిక్షాలో కూడా నిద్రపోతూనే ఉన్నాడు. మోకాళ్లు మాత్రం కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

ఎవరు చెప్పారో నాన్నకి తెలుసు. ఇంటికొచ్చాక కొట్టలేదు, అడగలేదు. నా జేబులో గోళీలు గలగలమంటుంటే ఒకసారి చూశాడంతే. ఆ తరవాత చాలా ఏళ్లు, రాత్రి వేళ నూనె వేసే పని ఉంటే నన్ను పిలవలేదు.

మొన్న దీపావళి ముందు షాపు దులుపుతుంటే అటక మీద నాన్న అద్దె పుస్తకాలు దొరికాయి. సగం చెదలు తినేశాయి. 1987ది మధ్యలో పేజీలు బాగానే ఉన్నాయి. నాన్న చేతిరాత, పెన్సిలుతో. నంబరు, పేరు, తీసుకున్న టైము, ఇచ్చిన టైము, అద్దె. మిగతా వరుసల్లో అన్నీ నిండి ఉన్నాయి. ఆ ఒక్క వరుసలో: "9. అన్నదమ్ములు ఇద్దరు. 7 రోజులు." మొదటి రోజు తారీఖే ఉంది దానికి. ఇచ్చిన టైము గడిలో ఏమీ లేదు. అద్దె గడిలో అడ్డంగా ఒక గీత.

ఫోటో తీసి అమ్మాయికి పంపాను. తొమ్మిదో నంబరు ఏమైందని అడిగింది. 1994లో ఒక పాలాయనకి అమ్మేశాం. అప్పటికి కొత్త రిమ్ము వేయించాడు నాన్న, పెడళ్లు మాత్రం పాతవే.